గాలి నిండుకుంది

1

ఫ్యాన్ గదిలో డ్యూటీ ఎక్కినవాళ్ళు ఈ రోజువారీ పుస్తకంలో ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. "ఫ్యాను తిరుగుతోంది, గాలి ఆడుతోంది." అంతే. నాకు అలా రాయడం ఏనాడూ చేతకాలేదు, ఇవాళ అసలే చేతకాదు. ఏదో ఒకటి రాస్తూ కూచుంటే ఈ భయం కాస్త తగ్గుతుందేమోనని రాస్తున్నాను. తరవాత చదివేవాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోండి, నాకేం.

నేల కింద మేం బతికే రెండు సొరంగాల్లో ఎడమది కూలింది. మొత్తం కాదు, మూతి దగ్గర. గంజి తాగి గిన్నె కడుగుతుంటే కాళ్ళ కింద నేల ఎగిరిపడింది. ఆ వెనకే దుమ్ము, పిండిమరలో నుంచున్నట్టు. ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో తెలియలేదు. దుమ్ము అణిగేసరికి ఎడమ సొరంగం ఉండాల్సిన చోట బండల గుట్ట ఉంది.

ఆ గుట్ట అవతల, చిట్టచివర, పుట్టగొడుగుల గది. అందులో మా తాయారు వదిన ఉంది. మా ఆయన భానోజీకి అక్కగారు. ఆవిడతో పాటు నా కూతురు తనూజ ఉంది. ఆరేళ్ళ పిల్ల. "అత్తతో గడ్డి తడపడానికి పోతా" అని చంపుకు తింటుంటే, పోనీ కాసేపు నా ప్రాణం హాయిగా ఉంటుంది కదా అని నేనే పంపాను. హాయి! నా నోట మన్నుపడ.

భానోజీ, ఇంకో పదిమంది గునపాలు పట్టుకుని బండలు తీస్తున్నారు. ఒక రాయి తీస్తే రెండు జారుతున్నాయి. నన్ను అక్కడ నుంచోనివ్వలేదు. "నీ ఏడుపుకి మాకు చేతులాడటం లేదు, డ్యూటీకి పో" అన్నాడు భానోజీ. వచ్చాను.

2

ఫ్యాన్ చూసేది ఓదెలన్న. వయసులో నాకంటే పెద్దవాడు, మంచిర్యాల వైపు మనిషి. నేను వచ్చేసరికి చక్రం దగ్గర నుంచుని గడ్డం గోక్కుంటున్నాడు.

ఆ చక్రం సంగతి రాయాలి. ఫ్యాను తోసే గాలి ఒక్క ఇనప గొట్టంలోకి పోయి, అక్కణ్ణించి రెండుగా చీలుతుంది. ఒకటి కుడి సొరంగానికి, ఒకటి ఎడమకి. చీలిక దగ్గర ఇనప రేకు అడ్డంగా జరిగే ఏర్పాటు ఉంది, చక్రం తిప్పితే ఎటు కావాలంటే అటు గాలి. మామూలు రోజుల్లో రెండింటికీ చాలినంత ఉంటుంది. కానీ పైన మూడ్రోజులుగా దుమ్ముగాలి. సోలార్ ప్యానెళ్ళ మీద దుమ్ము పేరుకుపోయింది, తుడుద్దామని పైకెళ్ళినవాడు ఆ ఎండకి కాలి వస్తాడు. ఫ్యాను సగం జోరుతో తిరుగుతోంది.

"కుడి దిక్కు మూడొందల మంది దగ్గుతున్నరు చెల్లె," అన్నాడు ఓదెలన్న. "ఆ కూలిన దుమ్మంతా అటే పోయింది. ముసలోళ్ళు నీలుగుతున్నరు. మొత్తం గాలి అటు తిప్పాలె. గని నీ బిడ్డ ఇటున్నది. ఆడ గాలి ఎట్లున్నదో తెల్వకుండ నేనెట్ల తిప్పుత?"

ఎలా తెలుస్తుంది? ఫోను తీగ బండల కింద తెగింది. మేం రాతలు పంపుకునే చేతిపలకలన్నీ మాట్లాడుకునేది పెద్ద పెట్టె ద్వారా. ఆ పెట్టె సరిగ్గా ఎడమ మూతి దగ్గరే ఉండేది, ఇప్పుడు అప్పడం. ఏ పలక తెరిచినా "పెట్టె దొరకలేదు" అంటోంది. గొట్టంలో నోరుపెట్టి కేకేశాను. ఫ్యాను హోరు నా కేకని మింగేసింది. "ఆపి కేకేద్దాం" అంటే ఓదెలన్న దండం పెట్టాడు. ఇంత తక్కువ కరెంటులో ఒకసారి ఆపితే మళ్ళీ తిరుగుతుందన్న నమ్మకం లేదుట.

అప్పుడు గుర్తొచ్చింది వదిన పాత పలక. కొత్తవి పెట్టె లేకపోతే మూగవే, కానీ ఆ పాత చేతిపలకల్లో "దగ్గరివాళ్ళు" అని ఒక మీట ఉండేది. నొక్కితే పెట్టెతో పని లేకుండా ఒక పలక ఇంకో పలకతో నేరుగా మాట్లాడుతుంది. అందరూ కొత్తవి తీసుకున్నా వదిన తీసుకోలేదు. "పెట్టెలో పడ్డ మాట పదిమంది నోళ్ళలో పడ్డట్టే" అంటుంది. మా గదికి అడ్డం కట్టిన తెర అవతల నుంచి నాకు అందులో రాసేది. కూరలో ఉప్పేశావా? ఆ పక్కింటి పిల్ల ఎవరితో నవ్వుతోంది? ఆ పోరు పడలేక నా పాతది నేనే పాత సామాన్ల కొట్లో పారేశాను.

కొట్టంతా తిరగేశాను. దొరికింది. అద్దం పగిలింది, బ్యాటరీ పూరీలా ఉబ్బింది. ఫ్యాన్ గది తీగకి తగిలిస్తే వెలిగింది. "దగ్గరివాళ్ళు" నొక్కాను.

"చుట్టుపక్కల ఎవరూ లేరు."

3

ఎక్కడికి తీసుకెళ్ళినా అదే మాట. బండల గుట్ట పక్కన పెట్టాను. ఎవరూ లేరు. భానోజీ భుజాలెక్కి పై సందులో దూర్చాను. ఎవరూ లేరు. ఆ మాట చూసిన ప్రతిసారీ బతికున్నవాళ్ళెవరూ లేరన్నట్టే వినబడింది. అది పలక సంగతే చెబుతోందని తెలుసు. తెలిసినా ఏం లాభం?

రాయి మాటని పోనివ్వదు. ఇంక రాయి లేని దారి ఒక్కటే, గాలి గొట్టం. పుట్టగొడుగుల గది గోడ దాకా బండల కింద నుంచే పోయింది. నలిగిందో లేదో తెలీదు, కానీ గాలైతే పోతోంది. గాలి పోయే చోట మాట పోదా? చీలికకి కాస్త ముందు గొట్టానికి, శుభ్రం చేసేటందుకు, ఒక మూత ఉంది. ఓదెలన్న దాని మరలు విప్పాడు. నేను భుజాల దాకా లోపలికి దూరాను. జుట్టంతా ఎగిరి నోట్లోకొచ్చింది. పలకని గుండెకి అదుముకుని నొక్కాను.

ఎవరూ లేరు. ఎవరూ లేరు. పలకని అడ్డంగా తిప్పాను, నిలువుగా తిప్పాను, చెయ్యి చాచినంత దూరం చాచాను.

"తాయారు."

ఆవిడ పేరు. బూడిద రంగులో, వస్తూ పోతూ. అమ్మా, నేను పెట్టిన కేకకి ఓదెలన్న నా కాళ్ళు పట్టి బయటికి లాగబోయాడు. తన్నాను పాపం.

"వదినా తనూ ఎలా ఉంది" అని కొట్టాను. అక్షరం పక్కన అక్షరం పడటం లేదు. ఎంతసేపటికో జవాబొచ్చింది.

"బాగుంది. బెల్లం ముక్క తింటోంది. నువ్వు ఏడుపు ఆపి ముక్కు చీదుకో."

చీదుకున్నాను. నిజంగానే.

"అక్కడ గాలి సంగతేంటి? ఓదెలన్న అడుగుతున్నాడు" అని రాశాను. ఈసారి మరీ ఆలస్యం. పేరు రెండుసార్లు మాయమై వచ్చింది. ఆ తరవాత ఒక్క ముక్క.

"ఇక్కడ గాలి నిండుకుంది వకుళా."

4

దేవుడున్నాడు! గది నిండా గాలి ఉందిట. నేను గొట్టంలోంచి బయటికొచ్చి "నిండిందట అన్నా, నిండిందట" అని గెంతాను. ఓదెలన్న "నిండిందా? ఇగ మంచిగైంది" అని చక్రం మొత్తం కుడికి తిప్పేశాడు. ఇనప రేకు ఎడమ గొట్టానికి అడ్డంగా ధణేల్మని పడింది. భానోజీ వాళ్ళు బండలు తీసేదాకా ఆ గదిలో గాలి లోపలివాళ్ళకి చాలు, ఈలోగా ఇటువాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు అన్నాడు.

గాలి పారే గొట్టం దగ్గర తడిగుడ్డలు ఉంచాలి, రెండు బకెట్ల నీళ్ళు ఉంచాలి. అన్నీ నా పనే, చేశాను. ఫ్యాను బేరింగుకి నూనె పోశాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని ఇప్పుడు తెలిసింది. వంటశాలకి పోయొస్తాను.

5

అయ్యో. అయ్యో. ఎంత పాపిష్ఠిదాన్ని.

వంటశాలలో పళ్ళెం పట్టుకుని వరసలో నుంచున్నాను. వండే పైడమ్మ డబ్బా బోర్లించి అడుగు తట్టి, "ఉప్పు నిండుకుందమ్మా, ఎవులైనా కొట్టుకెళ్ళి తెండి" అంది.

పళ్ళెం నా చేతిలోంచి జారిపోయింది.

మా వదిన నోట "లేదు" అన్న మాట రాదు, "అయిపోయింది" అన్నది అసలే రాదు. అశుభంట. బియ్యం అయిపోతే నిండుకున్నాయి అంటుంది, దీపం ఆరిపోతే కొండెక్కింది అంటుంది. పెళ్ళైన కొత్తలో నేను "నూనె అయిపోయింది" అన్నానని రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ మనిషి గాలి అయిపోయినా నిండుకుంది అనే అంటుంది. నేను ఇన్నేళ్ళూ ఆవిడ చేతి కూడు తిన్నదాన్ని, నాకు తట్టలేదు. భయంతో చచ్చిపోతున్నదానికి ఏం వినాలనుంటే అదే వినబడింది.

పైగా పుట్టగొడుగులు మొక్కలు కావు. అవీ మనలాగే గాలి తాగుతాయి. ఒక గది నిండా ఉన్నాయి.

పరిగెత్తుకొచ్చి చెప్పాను. ఓదెలన్న మొహం తెల్లబోయింది.

"మా దిక్కు అయిపోతే ఒడ్సింది అంటం. నిండింది అంటే నిండినట్టే గద! నువ్వే కద చెల్లె చెప్పినవ్?"

"నేనే చెప్పాను. తిప్పు అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, తిప్పు."

"పక్కా గాలి అయిపోయిందనే అన్నదా?"

పక్కా అని ఎలా చెప్పను? గది నిండా గాలి ఉందనే చెప్పిందేమో. అటు మూడొందల మంది. ఇప్పుడిప్పుడే దగ్గు తగ్గుతోంది. మళ్ళీ తిప్పితే అక్కడ ఏ ముసలి ప్రాణమైనా పోతే? అడుగుదామంటే, గొట్టానికి ఇనప రేకు అడ్డంపడ్డాక నా పలకలో వదిన పేరే లేదు. గాలి ఆగిన చోటే మాటా ఆగింది.

"బెత్తెడు సందిస్త," అన్నాడు ఓదెలన్న చివరికి. "గాలి కోసం కాదు, మాట కోసం. నువ్వు అడుగు. జల్ది."

6

సందు తెరిచాక పేరు రావడానికి పట్టినంతసేపూ నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. పేరొచ్చింది. ఆ వెంటనే నేను అడక్కుండానే మాటలు గబగబా పడ్డాయి. ఇందాకటి నుంచి ఆవిడ రాసి, ఇటు రాలేక ఆగిపోయినవి.

"వకుళా గాలి రావట్లేదేం"

"ఉన్న కాస్తా ఆపేశారేమే"

"గొట్టంలోంచి దుమ్ము వెనక్కొస్తోంది. పిల్ల దగ్గుతోంది. బొంత కుక్కుతున్నా"

"నిండుకుందని చెప్పానుగా"

"వకుళా"

చివరి దాని తరవాత ఏమీ లేదు. నేను పైకి చదివానుట. ఎలా చదివానో తెలీదు. ఓదెలన్న చక్రం మీద పడి మొత్తం ఎడమకి తిప్పాడు. కుడి గొట్టం మూసుకుంది. కాసేపటికే అటువాళ్ళు గొట్టం మీద రాళ్ళతో కొట్టడం మొదలెట్టారు. గాలి చాలనప్పుడు అలా కొడతారు. టంగు టంగుమని ఆగకుండా కొడుతూనే ఉన్నారు, ఒక్కో దెబ్బా నా నెత్తి మీదే పడుతోంది.

ఓదెలన్న గాలి జోరు చూపే ముల్లు చూసి "పోతలేదు" అన్నాడు. "ఆడ అడ్డమున్నది. బొంత గట్టిగ కుక్కింది మీ వదిన. ఫ్యానుకు అంత జోరు లేదు, తొయ్యదు. లోపలోళ్ళే గుంజాలె."

"వదినా బొంత లాగెయ్ గాలి వదిలాం" అని రాశాను. మళ్ళీ రాశాను. మళ్ళీ. పేరు వెలుగుతూనే ఉంది. మనిషి లేదు.

అప్పుడు ఒక మాట పడింది.

"అమ"

7

తనూ. నా తల్లి. ఆ రెండు అక్షరాలు చూసి ఏడ్చానో నవ్వానో.

"అత పడుకుంది" అని రాసింది. ఆ వెనక "లేపినా లేవదు."

నేను గొట్టంలో ఉన్నాను, నడుం దాకా. బయట గొట్టం మోత, చెవుల్లో గాలి హోరు. "తనూ గొట్టంలో కుక్కిన బొంత బయటికి లాగెయ్యమ్మా" అని కొట్టాను.

"చదవ రాదు."

ఏం చదవ రాదు? మళ్ళీ అదే రాశాను. "చదవ రాదు. నాకు భయం." అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకి. దానికి అక్షరాలొచ్చు, గుణింతాలొచ్చు. ఒత్తులు ఇంకా మొదలెట్టలేదు. అందుకే నేను అమ, తాయారు అత. ఒత్తున్న మాట రాస్తే దానికి గోడే.

ఒత్తు లేని మాటలు! నెమ్మదిగా కూచుని ఆలోచిస్తే వందొస్తాయి. పిల్ల ఊపిరి పోతుంటే ఒక్కటి రాదు. గొట్టం అనకూడదు, అమ్మ అనకూడదు, దగ్గర అనకూడదు, గట్టిగా అనకూడదు. ఏ మాట పట్టుకున్నా కింద ఒత్తు వేలాడుతోంది.

"గోడలో బొంత ఉంది. లాగు."

ఆలస్యం. "రావడం లేదు."

"రెండు చేతులతో లాగు. కాలు గోడకి ఆనించి లాగు."

ఏమీ లేదు. టంగు టంగు. ఓదెలన్న నా వెనక "ఇంక ఎక్కువసేపు పట్టలేను చెల్లె, అటు పోతరు" అంటున్నాడు, ఏడుస్తున్నాడు కూడా అనుకుంటాను. నేను ఆగమని అనలేదు, ఆగొద్దనీ అనలేదు.

"వచింది."

అదే సమయానికి ఓదెలన్న అరిచాడు. ముల్లు కదిలింది. నా మొహం పక్కనుంచి గాలి జోరుగా లోపలికి పోతోంది, నాకు తెలుస్తోంది.

"మొహం గాలికి ఉంచు. కదలకు" అని రాశాను.

"అతకి గాలి లేదు."

వదిన ఎక్కడ పడి ఉందో నాకు తెలీదు. గొట్టానికి దూరంగా, నేల మీద, చెడ్డగాలి పేరుకునే చోట అయ్యుంటుంది. ఆవిణ్ణి లాగే బలం ఆ పిల్లకి లేదు. అత్త కోసమని అటు పోతే అదీ పడిపోతుంది. ఆ సంగతి ఆలోచించడానికి నాకు క్షణం కూడా పట్టలేదు, అదే నాకు భయంగా ఉంది. నా చేత్తో నేనే రాశాను.

"నీవు కదలకు."

జవాబు లేదు. మళ్ళీ రాశాను. జవాబు లేదు. నా మొగుడి అక్క, నన్ను ముక్కు చీదుకోమన్న మనిషి, ఆవిణ్ణి వదిలెయ్యమని పిల్లకి చెప్పాను, ఆ పిల్లా పలకటం లేదు. అంతా అయిపోయింది అనుకున్నాను. అవును, అయిపోయింది అనే అనుకున్నాను, ఇంక అశుభం ఏముంది?

"చేటతో అతకి గాలి విసురుతునా" అని వచ్చింది.

గడ్డి చెరిగే చేట. చెప్పిన మాట వినదు, ముందు నుంచీ అంతే. గాలి ముందు నుంచుని, చేటతో వాళ్ళ అత్త వైపు విసురుతోందిట. ఆపమని నేను రాయలేదు. రాసినా ఆపేది కాదు.

ఓదెలన్న చక్రం సగానికి తెచ్చాడు. అటు మోత కొంచెం తగ్గింది. అది గాలి అందబట్టో, కొట్టేవాళ్ళ చేతులు పడిపోబట్టో మాకు తెలీదు. భానోజీ వాళ్ళు ఇంకా బండల దగ్గరే ఉన్నారు, మనిషి పట్టేంత సందు ఇంకా కాలేదని కబురొచ్చింది. నేను పలక వైపే చూస్తున్నాను. బ్యాటరీ కాలుతోంది, చేతులు మార్చుకుని పట్టుకుంటున్నాను. తనూ మళ్ళీ ఏమీ రాయలేదు. విసురుతోందో, పడిపోయిందో.

ఎంతోసేపటికి అద్దం మీద ఒక మాట పడింది. నేను ముందు మాట చదవలేదు. ముందు ఒత్తులు చూశాను. ల్ల, న్న, ళ్ళ, త్త, ర్ప. వరసగా, తప్పు లేకుండా, ఎక్కడివక్కడ. నా కూతురు రాయగలిగినవి కావు అవి.

"పిల్లకి ఇన్నాళ్ళూ ఒత్తులు నేర్పకుండా ఏం చేస్తున్నావే?"

గొట్టంలోనే తల ఆనించి ఏడ్చాను. వెనక ఓదెలన్న నా కాలు పట్టి ఊపుతున్నాడు.

"ఏమైంది చెల్లె? ఏమంటున్నది?"

"తిడుతోంది అన్నా," అన్నాను. "మా వదిన తిడుతోంది."